ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు - చీరాల పేరాల సమరం

ప్రజలకూ ప్రభుత్వానికీ గల సంబంధం ఎటువంటిదో పన్ను వసూలు చేసేటప్పుడు తెలిసినంత స్పష్టంగా మరెప్పుడూ తెలియదు. ప్రభుత్వం తనదని నమ్మిన ప్రజ విసుగుకొంటూనే అయినా పన్ను చెల్లిస్తుంది. తనది కాదనుకొన్న ప్రజ ఒక్క కానీ అడిగినా ఎందుకని ప్రశ్నిస్తుంది. 1921వ సంవత్సరంలో ఆంధ్రదేశపు తీరప్రాంతంలోని రెండు గ్రామాలు ఆ ప్రశ్నను వేసినాయి. సమాధానం రాకపోగా, ఊరు ఊరంతా ఇళ్ళకు తాళాలు వేసుకొని బయటికి నడిచినది. ఆ జనాన్ని నడిపిన నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. వారి జీవితం ముప్పదితొమ్మిదేండ్లు మాత్రమే. అందులో దేశం జ్ఞాపకం ఉంచుకొన్నది ముఖ్యంగా ఒక్క సంవత్సరం. అయితే ఆ ఒక్క సంవత్సరం అర్థం కావాలంటే తక్కిన సంవత్సరాలను కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లాలో, మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించినారు. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. పుట్టిన కొద్ది దినాలకే తల్లి గతించినది. మూడేండ్ల వయస్సులో తండ్రి కూడా పోయినారు. పినతండ్రి, నాయనమ్మ ఆ బిడ్డను పెంచి పెద్ద చేసినారు. రేపల్లె ప్రాంతంలోని కూచినపూడిలోను, తరువాత గుంటూరులోను చదువు సాగినది. కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగం చేసినారు. కచేరీ కాగితాల మధ్య నిలిచే స్వభావం కాదు వారిది. సంగీతం, నాటకం, పద్యం చిన్ననాటినుండి వారికి ప్రాణం.

1911లో మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో కలిసి గోపాలకృష్ణయ్యగారు స్కాట్లండుకు ప్రయాణమైనారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి ఎం.ఏ. పట్టం పొందినారు. ఆ దేశంలో ఉన్నప్పుడే ఆనంద కుమారస్వామిగారితో పరిచయం కలిగినది. భారతీయ కళల విలువను పాశ్చాత్యులకు బోధపరచడానికి జీవితం ధారపోసిన పండితుడాయన. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఈ ఇద్దరూ కలిసి ఆంగ్లంలోనికి పరివర్తన చేసినారు. 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని ప్రచురించినది. అర్థశాస్త్రం అభ్యసించడానికి వెళ్ళిన తెలుగు యువకుడు నాట్యశాస్త్ర గ్రంథానికి అనువాదకుడై తిరిగివచ్చినాడన్నమాట. ఈ విషయం మనం మరువరాదు. ముందు జరిగిన కథలో అర్థశాస్త్రానికెంత పని ఉన్నదో, అభినయానికీ అంతే పని ఉన్నది.

స్వదేశానికి వచ్చిన పిదప రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ ట్రైనింగు కళాశాలలోను, మచిలీపట్టణంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలోను అధ్యాపకులుగా ఉన్నారు. రెండు చోట్లా ఎక్కువ కాలం నిలువలేదు. తుదకు చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను స్థాపించినారు. జానపదులు పాడే పాట, ఆడే ఆట, తోలుబొమ్మలాట, కలాపాలు మొదలైన వాటిలో జాతి ప్రాణం దాగియున్నదని వారి నమ్మకం. చదువుకొన్నవారు వాటిని చిన్నచూపు చూడడం తగదని బోధించేవారు. ఆశువుగా పద్యం చెప్పేవారు, చమత్కారంగా సంభాషించేవారు. వారి చాటువులు ఒక నోటినుండి మరొక నోటికి పాకి, చదువురాని వారికి కూడా కంఠస్థమైనాయి.

ఆ రోజులలోనే రామదండు రూపొందినది. ఇది స్వచ్ఛంద సేవకుల దళం. కాషాయ వస్త్రం, నొసట తిలకం, మెడలో రుద్రాక్షమాల వారి చిహ్నాలు. వలంటీరు అనే ఆంగ్ల పదం వినగానే పల్లెటూరివానికి ఏ చిత్రమూ కనులకు కట్టదు. రామదండు అన్నంతనే వారధి కట్టిన వానరసేన కనిపిస్తుంది; ఏమి చేయవలెనో ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగినది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కూర్చాలనీ, కోటిమంది సభ్యులను చేర్చాలనీ, ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలనీ నిర్ణయించిన చరిత్రాత్మక సమావేశమది. గాంధీమహాత్ముని దర్శనానికై వచ్చిన జనసమూహాన్ని అదుపులో ఉంచే భారం రామదండుపై పడినది. ఆ దళం దానిని సమర్థంగా నిర్వహించినది. ఈ దండే కొద్ది దినాలలో మరింత కఠినమైన పనికి పూనుకోవలసి వచ్చినది.

ఇక చీరాల సంగతి. మద్రాసునుండి బెజవాడ వెళ్ళే రైలుమార్గంపై, సముద్రానికి సమీపంలో, ఇసుక నేలపై వెలసిన ఊరు అది. పేరాల దాని పొరుగు గ్రామం. ఈ ప్రాంతానికి ముఖ్యమైన జీవనాధారం నేత. చీరాల రుమాళ్ళు ఓడలెక్కి దూరదేశాలకు పోయేవి. రైలు, వర్తకం పెరగడంతో ఊరుకూడా పెరిగినది. అంతవరకు ఇక్కడి స్థానిక వ్యవహారాలను ఒక యూనియను చూచేది. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాలలకు పురపాలక సంఘాన్ని ఏర్పాటు చేసినది. ఊరు పెద్దదైనది గనుక వీధిదీపాలు, బాటలు, పారిశుధ్యం కావలెననీ, వాటికి ధనం కావలెననీ ప్రభుత్వ వాదం. ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయలేము. స్వతంత్ర భారతంలోని పురపాలక సంఘాలు కూడా పన్ను వేసేటప్పుడు ఇదే చెప్పుతున్నాయి.

ప్రజల లెక్క వేరు. యూనియను ఉన్నప్పుడు ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను, పురపాలక సంఘం వచ్చిన తరువాత 40,000 రూపాయల వరకు పెరిగినది. ఊరి జనాభా పదిహేనువేల పైచిలుకు. అందులో అధిక సంఖ్యాకులు మగ్గంపై దినదినం సంపాదించుకొనేవారు. ఒక నేతగాని ఇంట ఏ దినం నూలు లేదో ఆ దినం కూడు ఉండదు. వానికి పట్టణపు సౌకర్యాలు చాల దూరపు మాట. పన్ను మాత్రం గడప దగ్గరికి వచ్చే మాట. మాకీ పురపాలక సంఘం వద్దని ప్రజలు విజ్ఞప్తులు చేసుకొన్నారు. ఫలితం లేకపోయినది. కౌన్సిలర్లు రాజీనామాలు ఇచ్చినారు. ప్రభుత్వం జీతం ఇచ్చి అధ్యక్షుని నియమించి పాలన సాగించినది. పన్ను చెల్లించని పన్నెండుగురిని శిక్షించి కారాగారానికి పంపినారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉండినది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణల ప్రకారం స్థానిక స్వపరిపాలన శాఖను భారతీయ మంత్రికి అప్పగించినారు. మద్రాసు రాష్ట్రంలో ఆ శాఖను వహించినవారు జస్టిస్ పక్షానికి చెందిన పానగల్లు రాజాగారు, స్వయంగా తెలుగువారు. కనుక చీరాల ప్రజలకు ఎదురుగా నిలిచినది కేవలం ఒక తెల్లదొర కాదు. స్వపరిపాలన అనే పేరుతోనే వారి కోరికను తోసిపుచ్చినారు. అధికారం ఎవరి చేతిలో ఉన్నది అనే ప్రశ్నతోపాటు, అది ఎవరికి జవాబు చెప్పవలె అనే ప్రశ్నకూడ ఈ సమరంలో ఇమిడి ఉన్నది. పురజనులు వద్దన్న పురపాలక సంఘాన్ని స్వపరిపాలన అని ఎట్లు పిలుస్తారు? గోపాలకృష్ణయ్యగారి తర్కానికి మూలం ఇదే.

బెజవాడ సమావేశం ముగిసిన తరువాత గాంధీజీ ఏప్రిల్ 6వ తేదీన చీరాలకు వచ్చినారు. ఊరి సమస్య వారి ముందు పెట్టినారు. గాంధీజీ రెండు మార్గాలు చూపినారు. ఒకటి, అహింసను పాటిస్తూ పన్ను చెల్లించక, వచ్చిన శిక్ష అనుభవించడం. రెండవది, పురపాలక సంఘం హద్దులు దాటి వెళ్ళిపోవడం. ఊరే ఖాళీ అయితే పన్ను వేయడానికి మనుష్యులుండరు గదా. అయితే ఈ పోరాటానికి కాంగ్రెసు సహాయాన్ని ఆశించరాదనీ, బరువంతా ప్రజలే మోయవలెననీ స్పష్టపరచినారు.

ఊరు విడిచి నిరసన తెలుపడం గాంధీజీకి క్రొత్త ఊహ కాదు. 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్ గ్రంథంలో, ఒక చిన్న సంస్థానంలో రాజాజ్ఞ నచ్చక ప్రజలు గ్రామం విడువసాగగా రాజు క్షమాపణ కోరిన వృత్తాంతాన్ని వారు పేర్కొన్నారు. 1920లో ఖిలాఫతు ఉద్యమకాలంలో వేలాది మహమ్మదీయులు హిజరతు పేర ఆఫ్గనిస్థానం వైపు తరలిపోయినారు. వారు పడిన ఇక్కట్లు దేశానికి అప్పటికే తెలుసు. మార్గం పాతదే. అయినా ఇంటిలో దీపం వెలుగుతూ ఉండగా దానిని ఆర్పి వెళ్ళిపొమ్మని పదిహేనువేలమందిని ఒప్పించడం సామాన్యమైన పని కాదు.

ఒప్పించినవారు గోపాలకృష్ణయ్యగారు. 1921 ఏప్రిల్ నెలాఖరున వలస ప్రారంభమైనది. ఎండలు మండే కాలం. పురపాలక సంఘం హద్దుకు వెలుపల తాటాకులతో, వెదుళ్ళతో పందిళ్ళు, పాకలు లేచినాయి. ఆ క్రొత్త నివాసానికి రామనగరం అని పేరు పెట్టినారు. పదిహేనువేల పైచిలుకు జనంలో పదమూడు వేలకు మించినవారు అక్కడికి చేరినారు. ధనికులూ, దరిద్రులూ, వర్తకులూ, నేతగాండ్రూ ఒకే విధమైన పాకలలో నివసించినారు.

ఈ సంఖ్యను వినడం సులభం. నేతగాని ఇల్లు కదలడమంటే ఏమో ఒకసారి యోచించండి. గుంటమగ్గాన్ని పెట్టెవలె ఎత్తుకొని పోలేము. క్రొత్త చోట మరల గుంట త్రవ్వవలె, గుంజలు పాతవలె, పడుగు ఎక్కించవలె. నూలును వీధి పొడవునా పరచి గంజి పట్టించవలె. వాన తుంపర పడితే ఆ శ్రమ అంతా వృథా. వైశాఖ మాసపు గాడ్పులో నిప్పురవ్వ ఒక్కటి చాలు తాటాకు పేటలను భస్మం చేయడానికి. ఆశ్వయుజ కార్తికాలలో తీరానికి తుపానుల భయం. ముసలివారూ, బాలింతలూ, పసిపాపలూ అంతా ఆ పాకలలోనే ఉన్నారు. ఊరిలో తమ ఇళ్ళు కనుచూపు మేరలోనే ఉన్నాయి. ఒక రూపాయి పన్ను కట్టితే ఆ తలుపు తీసుకొని లోపలికి పోవచ్చు. అయినా పోలేదు. దాదాపు పదకొండు నెలలు పోలేదు.

ఇంత పట్టుదల ఎట్లా కలిగినది? క్రమశిక్షణ ఒక కారణం. రామదండు రాత్రింబవళ్ళు కాపలా కాచినది, శుభ్రత చూచినది, రోగులకు పరిచర్య చేసినది. తగవులను తామే తీర్చుకొనే ఏర్పాటు చేసుకొన్నారు. ప్రభుత్వం వద్దన్నవారు పాలన లేకుండా ఉండగలమని అనలేదు. తమ పాలన తాము చేసుకొని చూపినారు. రెండవ కారణం ఉల్లాసం. కష్టంలో ఉన్న జనానికి ఉపన్యాసం ఒక్కటే చాలదని నాట్యశాస్త్రం ఎరిగిన ఆ నాయకునికి తెలుసు. భజనలు, పాటలు, హరికథలు, చమత్కార పద్యాలు ఆ పాకల మధ్య మారుమ్రోగినాయి. ఎడింబరో అర్థశాస్త్రం పన్ను లెక్క విప్పి చెప్పినది. పల్లెపాట ఆ లెక్కకు ప్రాణం పోసినది. గాంధీజీ యంగ్ ఇండియా పత్రికలో చీరాల ప్రజల త్యాగాన్ని కొనియాడగా దేశమంతటా ఆ ఊరిపేరు వినబడినది.

నెలలు గడిచేకొలది బరువు పెరిగినది. కాంగ్రెసు సహాయం లేదన్న మాట మొదటనే తెలిసినదే. కూడబెట్టిన సొమ్ము గలవారు ఎట్లో నిలిచినారు. లేనివారి సంగతి దినదినగండమైనది. నిధి సమకూర్చడానికీ, ఇతర ప్రాంతాలకు ఈ సందేశం అందించడానికీ గోపాలకృష్ణయ్యగారు పర్యటనలు చేయవలసి వచ్చినది. 1921 చివరి భాగంలో గంజాం జిల్లా బరంపురానికి వెళ్ళినప్పుడు అక్కడ ఉపన్యసించరాదని అధికారులు నిషేధించినారు. వారు ఆ ఆజ్ఞను పాటించలేదు. ఒక సంవత్సరం కారాగార శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలుకు పంపినారు.

నాయకుడు లేని రామనగరం వెంటనే చెదరలేదు. నేత, వంట, కాపలా అన్నీ కొన్నాళ్ళు పూర్వంవలెనే సాగినాయి. కాని ప్రతి ఉదయం జనానికి ఎదురుగా నిలిచి నవ్వించి, కోపగించి, బుజ్జగించి ముందుకు నడిపే ఆ కంఠం లేదు. దేశపు పరిస్థితి కూడా మారినది. చౌరీచౌరాలో హింస జరిగిన పిమ్మట 1922 ఫిబ్రవరిలో గాంధీజీ శాసనధిక్కారాన్ని నిలిపివేసినారు. గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు రైతులు సాగించిన పన్ను నిరాకరణ కూడా ఆ నెలలోనే ముగిసినది. మార్చిలో గాంధీజీని ఖైదు చేసినారు. చీరాల ప్రజలు ఒక్కరొక్కరుగా తమ ఇళ్ళకు మరలినారు. పన్ను కట్టక తప్పలేదు.

ఇది ఓటమియా, విజయమా? ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. ప్రజలు కోరినది పురపాలక సంఘం రద్దు కావడం. పదకొండు నెలల కష్టానికి అది ఫలితంగా లభించలేదు. వీరగాథలను చెప్పుకొనేటప్పుడు ఇటువంటి చేదును పంచదారలో కప్పడం మనకు అలవాటు. దానివల్ల కష్టపడినవారి కష్టం చులకన అవుతుంది. ఇంటిదారి పట్టిన ఆ నేతగానికి మగ్గం ఆగిపోయిన దినాల కూలిని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఉద్యమానికి ఒక్క నాయకునిపైనే ఎక్కువ భారం ఆనినదన్న విమర్శలో కూడా సత్యం లేకపోలేదు. రామదండు క్రమశిక్షణ నేర్చినది గాని, తానులేనప్పుడు తనవలె జనాన్ని నిలుపగల రెండవ మనిషిని నాయకుడు తయారు చేసుకొనే వ్యవధి ఆ కొద్ది నెలలలో దొరకలేదు.

అయినా లెక్క అక్కడితో ముగియదు. ఒక పట్టణ ప్రజ మొత్తం ఎవరిపై చేయి ఎత్తకుండా, ఎవరి ఆస్తికీ నిప్పు పెట్టకుండా, ప్రభుత్వపు మాటను కాదని దాదాపు ఏడాదిపాటు నిలువగలదని అంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. చదువుకొన్న పట్టణవాసుల తీర్మానాలతో స్వరాజ్యం వస్తుందని తలచిన రోజులు పోయినాయనీ, మగ్గం ముందు కూర్చున్నవాడు లేచి నిలిస్తేనే అది వస్తుందనీ చీరాల చూపినది. 1930లో ఉప్పు సత్యాగ్రహకాలంలో గుజరాతు రైతులు వేల సంఖ్యలో ఇళ్ళు విడిచి బరోడా సంస్థానపు హద్దులలోనికి తరలినప్పుడు, ఆ బాటలో తెలుగువారి అడుగుజాడలు తొమ్మిదేండ్ల క్రిందటనే పడి ఉన్నాయి.

కారాగారంనుండి విడుదలైన పిమ్మట గోపాలకృష్ణయ్యగారు కాంగ్రెసు కార్యంలో మరల నిమగ్నులైనారు. ఉన్న ఆస్తి ఉద్యమానికీ, విద్యాపీఠ గోష్ఠికీ ఖర్చైపోయినది. చేతిలో ధనం లేదు. ఒంటిలో బలం లేదు. క్షయవ్యాధి పట్టుకొన్నది. చమత్కారం మాత్రం తుదివరకు విడువలేదంటారు వారినెరిగినవారు. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదవ పుట్టినదినం గడచిన ఎనిమిది దినాలకు, చీరాలలో వారు కన్ను మూసినారు. తాము చూడని స్వరాజ్యం వచ్చేటప్పటికి మరి పందొమ్మిదేండ్లు పట్టినది.

విజయవాడలో కాంగ్రెసు కార్యాలయానికి ఆంధ్రరత్న భవనమని పేరు పెట్టినారు. చీరాల అప్పటి గుంటూరు జిల్లానుండి 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికీ, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనికీ మారినది. ఊరు పెరిగినది, పురపాలక సంఘమూ ఉన్నది, పన్నులూ ఉన్నాయి. ఇప్పుడు ఆ సంఘాన్ని ఎన్నుకొనే హక్కు, ప్రశ్నించే హక్కు పురజనులవి. పన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు ఈ డబ్బు ఏమవుతున్నదని అడగడం పౌరుని ధర్మం. ఆ ప్రశ్న అడిగినందుకు ఈ రోజు ఎవరూ ఇల్లు విడిచి తాటాకు పాకలోనికి పోనక్కరలేదు. పోవలసి వచ్చిన నాడు పోయినవారు పదమూడు వేలమంది. వారిలో చాలమంది పేర్లు ఏ గ్రంథంలోను లేవు. ఆంధ్రరత్నను స్మరించేటప్పుడు వారిని కూడా స్మరిస్తేనే ఆ స్మరణ సంపూర్ణమవుతుంది.